తెర మీద చూడదగిన రంగస్థలం



2020లో ప్రపంచమంతటా నాటకశాలలు మూతబడ్డప్పుడు, అప్పటిదాకా టికెట్టు కొని లోపలికి వెళితే తప్ప చూడ్డం కుదరని ప్రదర్శనలెన్నో ఒక్కసారిగా ఇంటర్నెట్టులోకి వచ్చేశాయి. లండన్ నేషనల్ థియేటర్ వారానికొక నాటకం ఉచితంగా చూపించింది. బెర్లిన్‌లోని షౌబ్యూనె నాటకశాల తన పాత రికార్డింగులను పెట్టెల్లోంచి తీసి సాయంత్రం పూట ప్రసారం చేసింది. చిన్నా చితకా బృందాలు కూడా తమ దగ్గరున్నదేదో బయటపెట్టాయి. ఎంతో ఆశగా మొదలుపెట్టి పావుగంటకే కట్టేసినవాళ్లూ తక్కువేమీ కాదు. కారణం తెలిసిందే. హాలు వెనక ఒక కెమెరా నిలబెట్టి తీసిన రికార్డింగులో నటుడు బొటనవేలంత ఉంటాడు, మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది, హాల్లో పకపకా నవ్విన నవ్వులు మన గదిలోకి వచ్చేసరికి ఎవరివో పరాయి నవ్వులైపోతాయి. దాంతో ఒక తీర్మానం స్థిరపడిపోయింది: నాటకమైనా నృత్యమైనా ఎదురుగా కూర్చుని చూడాల్సిందే, తెర మీద చూసేది దాని నీడ మాత్రమే అని. ఆ తీర్మానంతో నాకు పేచీ ఉంది. తెర మీద తేలిపోయేది రంగస్థలం కాదు. కెమెరా గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించని రంగస్థలం. కెమెరా ఎక్కడ నిలబడుతుందో, ఎంత దగ్గరికి వస్తుందో, దేన్ని చూడకుండా వదిలేస్తుందో ముందే లెక్కగట్టి కూర్చిన ప్రదర్శనలు గత డెబ్భై ఎనభై ఏళ్లుగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రయోగ నాటకానికీ ప్రయోగ నృత్యానికీ చెందినవే. ఇది కాకతాళీయం కాదు. మామూలు నాటకం వేదిక ఇదీ, తెర ఇదీ, ప్రేక్షకుడి కుర్చీ ఇదీ అని ఒప్పుకున్నాక మొదలవుతుంది. ప్రయోగ నాటకం ఆ మూడింటినీ నిలదీస్తూ మొదలవుతుంది. అందుకే లెన్సు ఎదురుపడ్డప్పుడు అది తడబడలేదు.

ఈ మాట రేడియోలో చెప్పడానికి ఒక సౌకర్యం ఉంది. తెలుగువాళ్లు పద్యనాటకాన్ని సగం చెవితోనే ఎరుగుదురు. స్టేజీ మీద ఒక్కసారైనా చూడని నటుల పద్యాలు గ్రామఫోను రికార్డుల మీద ఊరూరికీ వెళ్లాయి, రాగయుక్తంగా కంఠతా వచ్చేశాయి. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక నాటకం నేరుగా ఇళ్లలోకి వచ్చింది. అయితే రేడియో నాటకం చేసినవాళ్లు వేదిక ముందు మైకు పెట్టి ఊరుకోలేదు. పాత్ర రావడాన్ని అడుగుల చప్పుడుగా మార్చారు. దూరాన్ని చూపించాలంటే నటుడు మైకు నుంచి మొహం పక్కకు తిప్పుకున్నాడు. రాత్రి గడిచిందని చెప్పడానికి ఒక కోడికూత చాలింది. కన్ను పోయింది కదా అని కుంగిపోకుండా చెవి కోసం నాటకాన్ని కొత్తగా కూర్చుకున్నారు. అలా కూర్చుకున్నారు కాబట్టే అది నాటకానికి నకలుగా మిగిలిపోలేదు, రేడియో నాటకం అయింది. లెన్సు విషయంలోనూ అడగాల్సింది ఇదే: ఇందులో వేదికను యథాతథంగా మోసుకొచ్చారా, లేక కెమెరా కోసం మళ్లీ కూర్చారా? ఆన్‌లైన్‌లో దొరికే వందలాది ప్రదర్శనల్లో ఏది చూడాలో తేల్చుకోవడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద కనిపించలేదు.

ఆ కొలబద్దకు మొదట నిలిచేది ఒక మూకీ చిత్రం. మాయా డెరెన్ 1945లో తీసిన 'ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా'. పూర్తి నిడివి మూడు నిమిషాలకు మించదు. కీవ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన డెరెన్, టాలీ బీటీ అనే నల్లజాతి నర్తకుడితో కలిసి తీసిందిది. మొదట అడవి. కెమెరా చెట్ల మధ్య నెమ్మదిగా ఒకవైపుకే తిరుగుతూ ఉంటుంది. నర్తకుడు ఒకచోట కనిపిస్తాడు, చూపు అతణ్ణి దాటి ముందుకు పోతుంది, ఇంకా ముందు మళ్లీ అతనే ఉంటాడు, ఆ తర్వాత మళ్లీ అతనే. తిరుగుతున్న కెమెరాకన్నా ముందే అతను అక్కడికెలా చేరాడో తెలియదు. ఆ తర్వాత అడవిలో నిలబడి కాలు పైకెత్తుతాడు. ఆ కాలు దిగేది ఒక ఇంటి గదిలో. కదలిక మధ్యలో ఎక్కడా తెగదు. నడుము వంపు, చేతి బరువు అంతా ఒక్కటే నృత్యం. కింద నేల మాత్రం మారిపోయింది. గదిలోంచి మ్యూజియం హాల్లోకి వెళతాడు. అక్కడ గిర్రున తిరుగుతుంటే కెమెరా మొహం దగ్గరికి వస్తుంది, వేగం పెరిగేకొద్దీ ఆ మొహం అలుక్కుపోతుంది. చివరికి గాల్లోకి ఎగురుతాడు. ఏ మనిషీ గాల్లో ఉండలేనంతసేపు ఉండి, ఆరుబయట నేల మీదికి దిగుతాడు. ఈ గెంతు ఏ వేదిక మీదా సాధ్యం కాదు. అలాగని ఇది కెమెరా గారడీ కూడా కాదు, ఎందుకంటే బీటీ శరీరంలో ఆ క్రమశిక్షణ లేకపోతే అడవిలో ఎత్తిన కాలు గదిలో దిగే కాలుతో అతకదు. దర్శకురాలి పేరు పక్కనే నర్తకుడి పేరు వేయడం మర్యాద కోసం చేసిన పని కాదు. ఇద్దరూ కలిసి కూర్చిన నృత్యమిది. ఒకరు దేహంతో, ఇంకొకరు కత్తిరింపుతో.

డెరెన్ చూపిన దారిని ఎక్కువ శాస్త్రీయంగా పట్టుకున్నది నృత్య దర్శకుడు మర్స్ కన్నింగ్‌హామ్. 1970లలో చార్లెస్ అట్లాస్ అనే చలనచిత్ర దర్శకుణ్ణి తన నృత్య సంస్థలోనే ఉంచుకుని, కెమెరాకోసమే నృత్యాలు కూర్చాడు. అతను గమనించిన విషయం చాలా చిన్నది, ఫలితం చాలా పెద్దది. నాటకశాలలో ప్రేక్షకుడి ముందు వేదిక విశాలంగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ ఇరుకవుతున్నట్టు కనిపిస్తుంది. లెన్సుకు అదంతా తలకిందులు. లెన్సు దగ్గర చోటు ఇరుకు, దూరం పోయేకొద్దీ వెడల్పు. అంటే వేదిక కోసం కూర్చిన వరుసను కెమెరా ముందు అలాగే నిలబెడితే, ముందున్నవాళ్లు సగం సగం తెగిపోతారు, వెనక చోటు ఖాళీగా పడి ఉంటుంది. మనం చూసే నాసిరకం రికార్డింగుల్లో సగం జబ్బు ఇక్కడే ఉంది. కన్నింగ్‌హామ్ నర్తకులను ఆ లెన్సు ఆకారంలోనే నిలబెట్టాడు. లెన్సు పక్కనుంచి ఒకరు దూసుకొస్తారు, దూరాన ఇంకో నలుగురు వేరే పనిలో ఉంటారు, కెమెరా తనూ నడుస్తూ ఉంటుంది. 1986లో బీబీసీ కోసం చేసిన 'పాయింట్స్ ఇన్ స్పేస్' ముందు టీవీకే పుట్టింది, ఆ తర్వాతే వేదికెక్కింది. వేదికే మూలం, తెర మీద ఉన్నది దాని నకలు అనే అలవాటైన క్రమాన్ని ఈ ఒక్క ఉదాహరణే తిరగేస్తుంది.

నాటకంలో దీనికి సాటి వచ్చేది సామ్యూల్ బెకెట్ రాసిన 'నాట్ ఐ'. 1972లో మొదట ప్రదర్శించిన ఈ నాటకంలో కనిపించేది ఒక నోరు, ఒక్క నోరు. హాలంతా చిమ్మచీకటి. వేదిక మీద ఎనిమిది అడుగుల ఎత్తున, చీకట్లో వేలాడుతున్నట్టుగా, వెలుగు పడ్డ పెదవులు. పక్కన నిలువునా ముసుగు వేసుకున్న ఒక శ్రోత. అయినవాళ్లు వదిలేయగా, బతుకంతా దాదాపు మాటలేకుండా గడిపిన డెబ్భై ఏళ్ల స్త్రీకి ఒకనాడు ఉన్నట్టుండి మాట వరదలా తన్నుకొస్తుంది. చెబుతున్నది తన కథే అయినా అది తనదని ఒప్పుకోదు. హాల్లో చివరి వరుసలో కూర్చున్నవాడికి ఆ నోరు ఒక మిణుకు. బిల్లీ వైట్‌లా నటించగా బీబీసీ చిత్రీకరించి 1977లో ప్రసారం చేసిన రూపంలో పక్కనున్న శ్రోత పాత్రను తీసేశారు, తెరంతా నోటితో నింపేశారు. పళ్లు, చిగుళ్లు, పెదవుల చివర తడి, మాటల మధ్య ఊపిరి కోసం ఎగబాకే నాలుక. కాసేపటికి అది నోరనే సంగతి మరిచిపోతాం. ఏదో ప్రాణి ఒకటి తనంత తానే కొట్టుకుంటున్నట్టుంటుంది. ఒక వాక్యం పూర్తయ్యేలోగా ఇంకో రెండు దాని మీద పడతాయి. పావుగంట కూడా పట్టదు, అయినా మధ్యలో ఆపడం కష్టం. ఇక్కడ వేదిక కోసం రాసినదే, తెర కోసం ఒక పాత్రను వదులుకుని, ఇంకో పాత్రను వందరెట్లు పెంచుకుంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు అని అడిగితే సమాధానం లేదు. చీకట్లో దూరంగా వేలాడే నోటి భయం వేరు, మొహం మీదికి వచ్చి కూర్చునే నోటి భయం వేరు. ఫోనులో చూస్తే అన్నీ చిన్నవైపోతాయనే ఫిర్యాదుకు కూడా ఇదే జవాబు: చేతిలో పట్టుకున్న ఫోనులో ఆ నోరు దాదాపు మనిషి నోరంతే ఉంటుంది.

బెకెట్‌దే ఇంకొకటి, 'క్వాడ్'. 1981లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ టెలివిజన్ కోసం స్వయంగా దర్శకత్వం వహించాడు. మాట లేదు. తల మీద నుంచి ముసుగు కప్పుకున్న నలుగురు, నాలుగు రంగుల వస్త్రాల్లో, ఒక చదరం అంచుల వెంటా మూలల నుంచి మూలలకూ గబగబా నడుస్తారు. ఒక్కొక్కరికీ ఒక తాళవాద్యం. నలుగురూ నడిబొడ్డుకు వచ్చేసరికి ఏదో ప్రమాదం ఉన్నట్టు పక్కకు తప్పుకుని పోతారు. కెమెరా ఎత్తున నిలబడి కదలకుండా చూస్తుంది. దాన్ని నలుపు తెలుపు తెర మీద పరీక్షగా చూసినప్పుడు బెకెట్‌కు రెండో భాగం తట్టింది: అదే నడక, రంగులు లేకుండా, వాద్యాలు లేకుండా, కాళ్లీడ్చుకుంటూ. లక్ష ఏళ్ల తర్వాత కూడా వాళ్లింకా నడుస్తూనే ఉన్నట్టు. ఈ రెండో భాగం ఏ రంగస్థలం మీదా పుట్టే వీలు లేదు. రంగుల టీవీ, నలుపు తెలుపు మానిటరూ పక్కపక్కన ఉన్న గదిలోనే పుట్టగలదు.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. నాటకమంటే నటుడూ ప్రేక్షకుడూ ఒకే గాలి పీల్చడం. ఆ ఒక్కటీ తీసేస్తే మిగిలింది ఏమైనా కావచ్చు గాని నాటకం కాదు అంటారు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదు. పోలండు దర్శకుడు యెర్జీ గ్రొటోవ్‌స్కీ దీపాలూ దుస్తులూ సంగీతమూ అన్నీ ఒక్కొక్కటిగా తీసేసి చూసి, చివరికి తీసేయలేనిది నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న బంధమేనని తేల్చాడు. పెగ్గీ ఫెలాన్ అనే అమెరికన్ విమర్శకురాలు 1993లో ఇంకా గట్టిగా వాదించింది: ప్రదర్శనకు వర్తమానంలో తప్ప బతుకు లేదు, భద్రపరిస్తే అది వేరే వస్తువైపోతుంది అని. ఫెలాన్ మాటలో మొదటి సగం నాకూ ఒప్పుదలే. రెండో సగంలోనే చిక్కుంది. వేరే వస్తువైపోతే కొంప మునిగేదేముంది? ఆ వేరే వస్తువుకు తనదైన విలువ ఉందా లేదా అన్నదే చూడాలి. గ్రొటోవ్‌స్కీ నాటకాల్లో అతి తీవ్రమైనదని పేరుబడ్డ 'ది కాన్‌స్టంట్ ప్రిన్స్' మనకు చలనచిత్రంగా మిగలడమే ఇందుకు సాక్ష్యం. బొమ్మను ఒక సందర్భంలో పట్టారు, శబ్దాన్ని వేరే ప్రదర్శనలో పట్టారు. ఏళ్ల తర్వాత రెండింటినీ జోడిస్తే రిషార్డ్ చెస్లాక్ నటన, గొంతు, ఊపిరి ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ నటుడు పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నాడని హాల్లో చూసినవాళ్లు అనుకున్నారు. ఆ పూనకం వెనక వీసమెత్తు తేడా రాని కూర్పు ఉందన్న సంగతి యంత్రం వల్ల బయటపడింది. ఒక్కసారి ఎదురుగా చూసినవాడికి తెలిసే అవకాశం లేని నిజమిది.

ఫిలిప్ ఆస్‌లాండర్ అనే పండితుడు 1999లో ఇంకో కోణం చూపించాడు. రికార్డింగు పుట్టకముందు ఎవరూ ఏ ప్రదర్శననూ ప్రత్యక్షమని పిలవలేదు. పరోక్షం ఒకటి వచ్చాకే ప్రత్యక్షానికి ఆ గౌరవం దక్కింది అని. దీన్ని సిద్ధాంతంగా కాక ఆటగా చేసి చూపిన నాటకం న్యూయార్క్ వూస్టర్ గ్రూప్ వారి 'హామ్లెట్'. దీని వెనక ఒక కథ ఉంది. 1964లో రిచర్డ్ బర్టన్ బ్రాడ్వేలో నటించిన హామ్లెట్‌ను చాలా కెమెరాలతో చిత్రీకరించి, దేశవ్యాప్తంగా సినిమా హాళ్లలో రెండంటే రెండు రోజులు చూపించారు. ప్రత్యక్ష నాటకాన్ని ఒకేసారి వేల మైళ్ల దూరానికి చేర్చడం అప్పటికి సాహసమే. నలభై ఏళ్లు దాటాక ఎలిజబెత్ లకాంట్ దర్శకత్వంలో వూస్టర్ నటులు ఆ చిత్రాన్ని తమ వెనక తెర మీద వేసుకుని, బర్టన్ బృందం చేతులూ అడుగులూ గొంతులూ ఉన్నదున్నట్టు అనుకరించారు. చిత్రంలో కెమెరా కోణం మారితే ఇక్కడ నటులు బల్లలూ కుర్చీలతో సహా పక్కకు జరుగుతారు. తండ్రి దయ్యం కోసం కొడుకు పడే వేదన మీద రాసిన నాటకంలో, బతికున్న నటులు చనిపోయిన నటుల దయ్యాలను పూనించుకోవడం నాకెంతో సబబుగా తోస్తుంది. వూస్టర్ గ్రూప్ తమ వెబ్‌సైటులో రిహార్సళ్లనూ పాత ప్రదర్శనలనూ చాలాకాలంగా చూపిస్తోంది; ఆ బృందం గురించి వినడమే తప్ప చూడని మనబోటివాళ్లకు అది పెద్ద కిటికీ.

రెండో అభ్యంతరం నాకు ఇంకా బలమైనదనిపిస్తుంది. హాల్లో నా చూపు నా ఇష్టం. కథానాయిక ఏడుస్తుంటే వెనక నిలబడ్డ పరిచారిక మొహం చూస్తాను. తెర మీద ఆ స్వేచ్ఛ లేదు, ఎడిటరు చూపిందే చూడాలి. నిజమే. దీనికి నృత్యంలో ఒక అరుదైన జవాబు ఉంది. విలియం ఫోర్సైత్ 2000లో కూర్చిన 'వన్ ఫ్లాట్ థింగ్, రీప్రొడ్యూస్డ్'లో ఇరవై బల్లలు వరుసల్లో ఉంటాయి, పదిహేడుమంది నర్తకులు వాటి మీదా కిందా మధ్యా దూసుకుపోతుంటారు. మొదటిసారి చూస్తే సంతలో తొక్కిసలాటలా ఉంటుంది. థియెరీ ద మే దీన్ని చలనచిత్రంగా తీశాడు. ఆ తర్వాత 2009లో ఫోర్సైత్, అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కలిసి 'సింక్రొనస్ ఆబ్జెక్ట్స్' అనే వెబ్‌సైటు పెట్టాయి. అందులో ఇదే నృత్యాన్ని ఎదురుగానూ నడినెత్తి నుంచీ చూడొచ్చు. ఎవరు ఎవరికి సైగ ఇస్తున్నారో గీతలు గీసి చూపిస్తారు. ఎవరి కదలిక ఎవరి కదలికతో ఒక్క క్షణం కలిసి విడిపోతుందో రంగుల్లో వెలుగుతుంది. తొక్కిసలాట అనుకున్నదాంట్లో ఎంత లెక్క, ఒకరిమీద ఒకరికి ఎంత ధ్యాస ఉన్నాయో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మృదంగ విద్వాంసుడు చేతి మీద తాళం వేసి కోర్వై అనే లయ కూర్పును విప్పి చెబితే మామూలు శ్రోత చెవులు ఎలా తెరుచుకుంటాయో, ఇక్కడ కళ్లు అలా తెరుచుకుంటాయి. మొదటి వరుస టికెట్టు కొన్నవాడికి కూడా ఈ చూపు దొరకదు. ఈ మొత్తం ప్రసంగంలో ఒక్కదాన్నే చూడమని చెప్పాల్సి వస్తే, నృత్యం నేర్చుకునే విద్యార్థులకు దీన్నే చెబుతాను.

తెర వల్ల పోయేది ఏమీ లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మన సురభివాళ్లనే తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల నాటకంలో మాయాబజార్ చూస్తుంటే పాత్రలు గాల్లో తేలతాయి, వస్తువులు మాయమవుతాయి. తాడో, తెరో, వెనక ఎవరో ఒకరి నేర్పో ఉందని తెలిసి కూడా అబ్బురపడతాం. మన కళ్లెదుట, మనమున్న గాలిలోనే జరుగుతోంది కాబట్టి. దాన్ని ఫోనులో తీసి చూపిస్తే, ఏ అద్భుతాన్నయినా కంప్యూటరులో సృష్టించగల ఈ రోజుల్లో అది చవకబారు గ్రాఫిక్సులా కనిపిస్తుంది. అద్భుతం వేదికను విడిచి రాదు. అలాగే జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ 1975లో కూర్చిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'. వేదికంతా మట్టి పరుస్తారు. నర్తకుల చెమటకు ఆ మట్టి ఒంటికి అంటుకుని, నృత్యం సాగేకొద్దీ బట్టలూ మొహాలూ మురికైపోతాయి. బలికి ఎంపికైన అమ్మాయి చివరిదాకా ఎగిరి ఎగిరి కూలిపోతుంది. ఆ మట్టి వాసన, ఆ ఎగశ్వాసల చప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్లకే. కాని ఇదే నృత్యం ఇంకోలా మనకు చేరింది. 2020లో సెనెగల్‌లోని ఎకోల్ దే సాబ్ల్‌లో, జెర్మెయిన్ అకోనీ స్థాపించిన ఆ నృత్య పాఠశాలలో, పద్నాలుగు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన ముప్పైఎనిమిది మంది నర్తకులు దీన్ని సాధన చేశారు. మార్చిలో డకార్‌లో మొదటి ప్రదర్శన జరగాల్సి ఉండగా కరోనా వచ్చి అంతా ఆగిపోయింది. ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయే ముందు, తూబాబ్ జలావ్ సముద్రతీరాన ఇసుక మీద, పొద్దు వాలేవేళ ఒకసారి పూర్తిగా చేశారు. దాన్ని 'డ్యాన్సింగ్ ఎట్ డస్క్' పేరుతో ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. నాటకశాలకు తెచ్చిపోసిన మట్టి స్థానంలో నిజమైన నేల వచ్చింది. దీపాల స్థానంలో మసకబారుతున్న ఆకాశం వచ్చింది. ప్రేక్షకులు లేరు. అక్కడ కెమెరా లేకపోతే ఆ సాయంత్రం ఎవరికీ మిగిలేది కాదు.

పీనా బౌష్‌దే 'కాఫే ముల్లర్', 1978 నాటిది, తెర మీద కూడా నిలబడుతుంది. కుర్చీలూ బల్లలూ నిండిన ఖాళీ కాఫీ హోటల్లో స్త్రీలు కళ్లు మూసుకుని నడుస్తుంటే, ఒకతను వాళ్లు తగులుకోకుండా ముందుకు ఉరికి కుర్చీలు లాగేస్తుంటాడు. ఒకచోట ఒక స్త్రీ పురుషుణ్ణి కౌగిలించుకుని నిలబడుతుంది. ఇంకొకడు వచ్చి వాళ్ల చేతులు విప్పి, ఆమెను అతని చేతుల్లో పెట్టి వెళతాడు. పట్టు లేని ఆ చేతుల్లోంచి ఆమె జారి దబ్బున పడుతుంది. లేచి మళ్లీ కౌగిలించుకుంటుంది. మూడోవాడు మళ్లీ వస్తాడు. మళ్లీ మళ్లీ అదే, ప్రతిసారీ ఇంకాస్త వేగంగా. చివరికి ఆ మూడోవాడు లేకపోయినా వాళ్లిద్దరే ఆ క్రమాన్నంతా చేసుకుపోతుంటారు. ఇతరులు నేర్పిన హింసను మనుషులు తమ అలవాటుగా ఎలా చేసుకుంటారో చెప్పడానికి ఇంతకన్నా తక్కువ సాధనాలతో ఎవరూ చెప్పలేదని నా అభిప్రాయం. ప్రయోగ నృత్యం అర్థం కాదు, అది చదువుకున్న కొద్దిమంది వినోదం అనేవాళ్లకు నేను సిద్ధాంతాలు వల్లించను. ఆ కౌగిలి దృశ్యం చూపిస్తాను. అర్థం కానిది అందులో ఏముంది?

అర్థం కావడం గురించే ఇంకో మాట. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1984లో మొదలైన ఫోర్స్‌డ్ ఎంటర్‌టైన్‌మెంట్ బృందం షేక్స్పియర్ ముప్పైఆరు నాటకాలనూ వంటింటి బల్ల మీద చెప్పింది. ఒక్కో నాటకానికి ఒక్కరే కథకులు, గంటలోపే కథ. ఉప్పుడబ్బా, మిరియాలడబ్బా రాజూ రాణీ కావచ్చు. ఒక సీసా యువరాజు, ఒక చెంచా నౌకరు. పాత్ర చనిపోతే వస్తువును మెల్లగా పక్కకు పడుకోబెడతారు. 2015లో దీన్ని నేరుగా ఇంటర్నెట్టులో ప్రసారం చేశారు. 2020లో నటులు తమతమ ఇళ్లలోంచే మళ్లీ చేశారు. బల్ల అంచే వేదిక అంచు కాబట్టి, ఇల్లు ఇల్లే కాబట్టి, తెర దగ్గర పోయిందేమీ లేదు. ఇంగ్లీషు కాస్త వచ్చినవాళ్లెవరైనా చూడొచ్చు. షేక్స్పియర్ పద్యాల బరువు లేకుండా కథ ఎముకలు మాత్రమే కనిపిస్తాయి, ఆ ఎముకలు ఎంత గట్టివో తెలుస్తుంది. పిల్లలతో కలిసి చూడ్డానికి నేను మొదట చెప్పేది ఇదే.

వినడం అలవాటైన మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కాంప్లిసిటే సంస్థ వారి 'ది ఎన్‌కౌంటర్'. సైమన్ మెక్‌బర్నీ 2015లో ఎడిన్‌బరోలో మొదలుపెట్టిన ఈ ఏకపాత్ర నాటకానికి వచ్చిన ప్రతి ప్రేక్షకుడికీ హెడ్‌ఫోన్లు ఇస్తారు. వేదిక మీద మనిషి తల ఆకారంలో ఉన్న మైకు, దాని రెండు చెవుల దగ్గరా శబ్దాన్ని పట్టే ఏర్పాటు. నటుడు ఆ తల కుడిచెవిలో గుసగుసలాడితే మన కుడిచెవిలో వెచ్చగా ఊపిరి తగిలినట్టుంటుంది. వెనక నడిస్తే మనం ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాం. 1969లో అమెజాన్ అడవిలో దారితప్పి మయొరూనా తెగ మనుషుల మధ్య చిక్కుకున్న లోరెన్ మెకింటైర్ అనే ఫోటోగ్రాఫర్ కథ ఇది. అడవంతా చెవుల్లోనే మొలుస్తుంది. 2016లో లండన్ బార్బికన్ నుంచి దీన్ని నేరుగా ప్రసారం చేశారు, 2020లో మళ్లీ కొద్దికాలం ఆన్‌లైన్‌లో ఉంచారు. హాల్లో ఉన్నవాడికీ ఇంట్లో ఉన్నవాడికీ చెవుల్లో పడేది అక్షరాలా ఒకటే శబ్దం. ఒకే గాలి పీల్చాలన్న వాదం ఇక్కడ కాస్త ఇబ్బందిలో పడుతుంది. మళ్లీ ఎప్పుడు ప్రసారం చేసినా వదలొద్దు. ఫోను స్పీకరులో మాత్రం వినొద్దు.

ఆఖరిది మన దగ్గర తరచు వినిపించే భయం. ఇంట్లో కూర్చుని బ్రస్సెల్స్‌నీ బెర్లిన్‌నీ చూడ్డం అలవాటైతే రవీంద్రభారతికి ఎవరొస్తారు, పరిషత్తు నాటకాలకు ఎవరొస్తారు అని. ఖాళీ కుర్చీలు ఇంటర్నెట్టు రాకముందే ఉన్నాయన్నది అందరికీ తెలిసిన సంగతి. దానికన్నా చూడాల్సింది, మంచి రికార్డింగు మనిషిని కుర్చీలో కూలేస్తుందా, లేపుతుందా అన్నది. బెల్జియం నర్తకి ఆన్ తెరేసా ద కీర్స్‌మేకర్ 1983లో కూర్చిన 'రోసాస్ డాన్స్ట్ రోసాస్' ఇందుకు మంచి పరీక్ష. నలుగురు స్త్రీలు కుర్చీల్లో కూర్చుంటారు. కాలు మీద కాలు వేసుకోవడం, పొట్ట పట్టుకుని ముందుకు వంగడం, జుట్టులోకి వేళ్లు పోనివ్వడం, భుజం మీద నుంచి జారిన జాకెట్టును చటుక్కున పైకి లాక్కోవడం. ఇంట్లో, బస్సులో, ఆఫీసులో ఆడవాళ్లు రోజూ చేసే కదలికలే. సంగీతం నొక్కుతో అవి మళ్లీ మళ్లీ వచ్చి, అలసటా కోపమూ కవ్వింపూ అన్నీ కలిసిన ఒక భాషగా మారతాయి. థియెరీ ద మే 1997లో దీన్ని లూవెన్‌లోని ఒక పాత పాఠశాల భవనంలో చిత్రీకరించాడు. కిటికీల అవతల నుంచి కెమెరా చూస్తుంటుంది, లోపల వరండాల్లో నర్తకులు కదులుతుంటారు. 2011లో బియోన్సే పాట వీడియో ఒకటి ఈ కదలికలను తీసుకుందని పెద్ద రచ్చయింది. రెండేళ్ల తర్వాత, నృత్యానికి ముప్పై ఏళ్లు నిండినప్పుడు, రోసాస్ సంస్థ కుర్చీ నృత్యాన్ని ఒక్కొక్క కదలికగా వీడియోలో నేర్పించి, ఎవరికి తోచినట్టు వాళ్లు చేసి పంపమని అందరినీ ఆహ్వానించింది. ఆ పథకం పేరు 'రీ: రోసాస్'. పిల్లలు, పెద్దవాళ్లు, నృత్యం ఎన్నడూ నేర్వనివాళ్లు తమ వీడియోలు పంపారు.

ఆ పాఠం వీడియోలు చూడండి. తర్వాత మూల చిత్రం చూడండి. మన కాలేజీల్లో నాటకం నేర్పే మాస్టార్లు, నాట్యం నేర్పే గురువులు ఒక పీరియడు దీనికి కేటాయించి, నాలుగు కుర్చీలు వేసి, విద్యార్థుల చేత వాళ్ల ఇళ్లలో అమ్మలూ నాన్నలూ రోజంతా చేసే కదలికలతో ఇలాంటి వరుస ఒకటి కూర్పించవచ్చు. దాన్ని ఫోనులో తీసేటప్పుడు మాత్రం హాలు వెనక నిలబడొద్దని చెప్పండి. కన్నింగ్‌హామ్ చెప్పిన ఇరుకైన చోటు లెన్సు దగ్గరే ఉంటుంది. ఎవరో ఒకరిని అక్కడ కూర్చోబెట్టమనండి.